పద్నాలుగో నంబరు తలుపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరూ అంటారు. అది అబద్ధం. ముక్కు దాకా నడిచి వెళ్ళేంత తీరిక నా కోపానికి లేదు, పుట్టినచోటి నుంచే పని మొదలుపెడుతుంది. ఇరవై ఏళ్ళుగా పాత కట్టడాల్లో కాళ్ళకు బలపం కట్టుకుని తిరుగుతున్న సైటు ఇంజనీరుని నేను. పైపు ఎక్కడ పగిలిందో వాసన చూసి చెబుతాను. గోడని వేలితో కొట్టి లోపల ఎంత పుచ్చిందో చెబుతాను. అలాంటి నన్ను ఒక రిటైరైన బస్సు కండక్టరు నెల రోజులపాటు తలుపు బయట నిలబెట్టాడు.

మా సంస్థ ఎవరూ కొనని భవనాలు కొంటుంది. మెట్లు అరిగినవి, గోడలు చెమ్మ పట్టినవి, వదిలించుకుంటే చాలురా బాబూ అని ఓనర్లు అనుకునేవి. వాటిని బాగుచేసి, అందులో ఉంటున్నవాళ్ళకే మళ్ళీ తక్కువ అద్దెకి ఇస్తాం. వాళ్ళలో ముసలివాళ్ళుంటారు, ఒంటరివాళ్ళుంటారు, ఆసుపత్రి నుంచి బయటికొచ్చి ఎటు వెళ్ళాలో తెలియనివాళ్ళుంటారు. ఇల్లిచ్చి చేతులు దులుపుకోం. మందులు వేసుకుంటున్నారా, ఎవరైనా రెండు రోజులుగా గది దాటి రాలేదా అని చూసుకోవడానికి మనుషులున్నారు. ఇదంతా మొదలుపెట్టింది మా మేడం. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఆవిడకి రావలసిన కోపం కూడా నాకే వస్తుందని నా అనుమానం.

మేడం పెట్టిన నియమం ఒకటుంది. ఎవర్నీ బలవంతంగా ఖాళీ చేయించకూడదు. నోటీసులు, బెదిరింపులు, కరెంటు పీకేయడాలు మన ఇంటావంటా ఉండకూడదు. "ఒప్పించండి," అంటుంది. అనడానికేం, మెత్తగా అనేసి ఆఫీసుకి వెళ్ళిపోతుంది. తలుపు ముందు నిలబడేది నేను.

ఆ భవనానికి మూడంతస్తులు, అంతస్తుకి ఎనిమిది చొప్పున ఇరవై నాలుగు గదులు. కింద ఆరో నంబరు గదిలో పాత సామాన్లుండేవి. పదకొండు, ఇరవై రెండు నంబర్లవి పైకప్పు పెచ్చులూడి ఏళ్ళ తరబడి పాడుబడి ఉన్నాయి. మిగిలిన ఇరవై ఒక్క గదుల్లో మనుషులున్నారు. పని జరిగినన్నాళ్ళూ వాళ్ళుండటానికి నాలుగు వీధుల అవతల ఒక పాత విద్యార్థుల హాస్టలు ఆరు నెలలకి మాట్లాడాం. పది రోజుల్లో ఇరవై మంది వెళ్ళిపోయారు. మధ్య అంతస్తులో పద్నాలుగో గది కండక్టరు గారు మాత్రం అంగుళం కదల్లేదు.

ఆయన కదలకపోతే నా పని మొదలు కాదు. భవనం మొత్తానికి మురుగు పైపు ఒక్కటే, పైనుంచి కింది దాకా పగుళ్ళు, అదేమో ఆ గది గోడలోంచి వెళుతుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి తలుపు తట్టేదాన్ని.

"కండక్టరు గారూ, తలుపు తీయండి."

"ఫుట్‌బోర్డు మీద నిలబడకమ్మా, పడతావు. ముందుకి జరుగు," అనేవాడు లోపలి నుంచి.

ముందుకి జరగడమంటే వెళ్ళిపోవడమని తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మెత్తగా చెప్పాను, గట్టిగా చెప్పాను, చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పైపు బొమ్మ గీసి తలుపు కింద నుంచి తోశాను. అది కాసేపటికి తిరిగొచ్చింది, వెనకవైపు "రూటు మ్యాపు బాగుంది, టికెట్ లేదు" అని రాసి ఉంది. మా వడ్రంగి మెట్ల మీద కూర్చుని ఇదంతా సినిమా చూసినట్టు చూసేవాడు. వడ్రంగి అంటే పరాయివాడు కాదు, మా అక్క మొగుడు. పని నేర్చినవాడు కాబట్టి పెట్టుకున్నాను, నోరు కూడా వెంట వస్తుందని అప్పుడు ఆలోచించలేదు.

"మరదలు పిల్లా, ఆ తలుపుకి చెవులున్నా ఈపాటికి ఒప్పుకునేది," అన్నాడు ఒకరోజు.

"నీ పని చూసుకో బావా."

"పనెక్కడుంది? ఆయన దిగితే కదా."

నాలుగో వారంలో కండక్టరు గారు తనంతట తానే మాట కలిపాడు. తలుపుకి అటు ఆయన కుర్చీ వేసుకున్నాడు, ఇటు నేను నేల మీద కూర్చున్నాను.

"ఇంజనీరమ్మా, నన్ను ఇప్పటికి మూడుసార్లు దింపారు. మొదటిసారి, గోడలకి రంగేసి పిలుస్తామన్నారు. రంగేశారు. పిలవలేదు. రెండోసారి, కప్పు మార్చి పిలుస్తామన్నారు. పాపం పిలిచారు. కొత్త అద్దె ఎంతో విని నేనే రాలేనన్నా. మూడోసారి ఎవరూ పిలవకపోతే నేనే వెళ్ళి చూశా. నా గది ఉన్నచోట చెప్పుల షాపు పెట్టారు. నేను మంచం వేసుకున్నచోట ఒకాయన కూర్చుని చెప్పులు తొడిగి చూసుకుంటున్నాడు. బిగుతుగా ఉన్నాయా అని నన్నే అడిగాడు."

"మీరేమన్నారు?"

"కొంచెం బిగుతేనండీ అన్నా. ఏమంటాను?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది.

"దిగినవాడికి సీటుండదమ్మా," అన్నాడు. "ముప్పై ఏళ్ళు చూశా. నీళ్ళ బాటిలు కొనుక్కుని రెండు నిమిషాల్లో వస్తానని దిగుతాడు. వచ్చేసరికి అక్కడ వేరేవాడు నిద్రపోతుంటాడు. ఇందులోకొచ్చి తొమ్మిదేళ్ళయింది. నా వయసు డెబ్బై ఒకటి. ఈసారి దిగితే మళ్ళీ ఎక్కే ఓపిక నాకు లేదు."

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. లేచి నిలబడి, సంచిలోంచి కాగితం తీసి గోడకి ఆనించి రాశాను. "పని పూర్తయ్యాక పద్నాలుగో నంబరు గది కండక్టరు గారిదే. ఇంకెవ్వరికీ ఇవ్వం." కింద సంతకం పెట్టి, తారీకు వేసి, తలుపు కింద నుంచి తోశాను.

"ఇదిగో టికెట్. ఇప్పుడైనా తలుపు తీస్తారా, తీయరా? నేను గంటలో వస్తా. అప్పటికి తలుపు తీసి ఉండాలి, అంతే."

గంట తర్వాత వచ్చాను. తలుపు తీసి ఉంది. తీసి ఉండటమంటే, బందులు ఊడదీసి, గుమ్మం నుంచి మొత్తం పీకి, నిలువుగా గోడకి ఆనించి ఉంది. పక్కన రెండు పెట్టెలు, ఒక చుట్టిన పరుపు, చంకలో కండక్టరు సంచితో ఆయన. పొట్టిగా, బక్కపల్చగా, నున్నగా దువ్విన తెల్లటి తలతో. నెల రోజుల తర్వాత మనిషిని చూడటం అదే మొదలు.

"ఇదేంటి?" అన్నాను.

"తలుపు తియ్యమన్నావు కదా. తీశా."

"అయ్యో, తీయమంటే తీయమని కాదు, తీయమని..." అని అక్కడ ఆగిపోయాను. వాక్యం ఎటూ పోవడం లేదు.

"తెరవమనాల్సింది మరదలు పిల్లా," అన్నాడు బావ వెనక నుంచి. చేతిలో ఉండాల్సిన స్క్రూడ్రైవరు చేతిలో లేదు.

"నీ పనా ఇది?"

"పెద్దాయన అడిగాడు, ఇచ్చా. దేనికని అడగడం మర్యాద కాదు కదా."

కండక్టరు గారు తలుపు మీద చెయ్యి వేశాడు. ముదురు గోధుమ రంగు, మధ్యలో ఆయన చేత్తోనే తెల్లరంగుతో వేసిన పద్నాలుగు అంకె. "గది మీ దగ్గరుంచుకోండి. తలుపు నా దగ్గరుంటుంది. తలుపు లేని గదిని ఎవరికీ అద్దెకివ్వలేరు."

"కాగితం రాసిచ్చాను కదండీ."

"జేబులోనే ఉంది. కాగితం చిరుగుతుంది తల్లీ. ఇది చిరగదు."

అలా ఆయనతోపాటు తలుపు కూడా హాస్టలుకి వెళ్ళింది. వ్యానులో అది పట్టలేదు. వెనక డోరు తెరిచిపెట్టి, తాళ్ళతో కట్టి, ఎర్రగుడ్డ తగిలించి తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఆయన ఒక చేత్తో దాన్ని పట్టుకునే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి సైటులో నేనొక కట్టుబాటు పెట్టాను. తలుపుల సంగతి వచ్చినప్పుడు 'తెరవండి' అనాలి, లేదా 'ఊడదీయండి' అనాలి. 'తీయండి' అన్నవాళ్ళు అందరికీ టీ ఇప్పించాలి. మొదటి వారంలో నాలుగుసార్లు నేనే ఇప్పించాను.

హాస్టల్లో ఆ తలుపు పేరు మోగిపోయింది. ఆయన గదికి అప్పటికే ఒక తలుపుంది, దాని వెనక ఇది. పై అంతస్తు ఇరవైలో ఉండే లెక్కల టీచరమ్మ, ఆవిడ కూడా రిటైరే, కీళ్ళు అరిగిపోయి కర్రతో నడుస్తుంది, "కండక్టరు గారు తలుపుతో కాపురం పెట్టారు," అని అందరికీ చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. సాయంత్రాలు తలుపుని రెండు బల్లల మీద అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద ఆవిడతో పేకాడేవాడు. ఆవిడే గెలిచేదట. ఆట కాగానే తలుపు తుడిచి మళ్ళీ నిలబెట్టేవాడు.

ఇటు పని జోరందుకుంది. మురుగు పైపు కొత్తది వేశాం. గోడల చెమ్మ తీశాం. పదకొండో గదికి కొత్త పైకప్పు వేశాం. అంతా అనుకున్నట్టే జరుగుతోందని నేను సంతోషపడుతుండగా, లిఫ్టు కోసం వెనక పెరట్లో గొయ్యి తవ్వాం. నాలుగడుగుల లోతులో గడ్డపార ఖణేలుమంది. కింద పాతకాలపు నీళ్ళ తొట్టి, గదంత పెద్దది, దాని గోడ మీదే పక్క భవనం పునాది కూర్చుంది. ముట్టుకుంటే పక్కవాళ్ళిల్లు మా పెరట్లోకి వస్తుంది.

లిఫ్టు మానేసే వీల్లేదు. పై అంతస్తులో టీచరమ్మ ఉంది, చంకకర్రల మీద నడిచే ఒకాయన ఉన్నాడు. ఆవిడ నెలకొకసారి కిందికి దిగేది, దిగినప్పుడు ఎక్కడానికి ముప్పావుగంట పట్టేది. లిఫ్టు పెడతామని వాళ్ళకి మాటిచ్చాం. పెరట్లో కుదరకపోతే లోపలే పెట్టాలి. లోపలంటే, కింది నుంచి పైదాకా ఒకే వరసలో మూడు గదులు తీసేయాలి. ఒక మధ్యాహ్నం కూర్చుని అన్ని వరసలూ చూశాను. ఆరోది సామాన్ల గది, ఇరవై రెండోది పాడుబడ్డది, రెండింటిలోనూ ఎవరూ లేరు. ఇంతకన్నా మంచి వరస దొరకదు. బొమ్మలో పెట్టెలా గీతలు గీసి, లోపల 'లిఫ్టు' అని రాసి, అప్పుడు చూశాను. ఆరుకీ ఇరవై రెండుకీ మధ్యలో ఉన్నది పద్నాలుగు.

రబ్బరు పెట్టి తుడిపి ఇంకో వరసలో గీశాను. అక్కడ ఒకరికి బదులు ముగ్గురి గదులు పోతున్నాయి. మళ్ళీ మొదటికే వచ్చాను.

మేడం బొమ్మలో గదులన్నీ వేలితో లెక్కపెట్టుకుంది. తర్వాత, "ఇరవై ఒక్క గదులు మిగులుతాయి, ఇరవై ఒక్కమంది ఉన్నారు. ఆయనకి పదకొండో గది ఉంది," అంది.

"అదే అంతస్తు, అదే కొలత. అన్నీ పూర్తిచేసి, రంగులేసి, అప్పుడు తీసుకెళ్ళి చూపిద్దాం మేడం. చూస్తే ఒప్పుకుంటారు."

"అంటే ఆయన తిరిగొచ్చి చూసుకునేసరికి ఆ గది ఉండదు."

నేను బొమ్మ చుట్టడం మొదలుపెట్టాను.

"స్లాబు కొట్టకముందే చెప్పండి," అంది మేడం. "వద్దంటే?" అన్నాను. "వద్దంటే మళ్ళీ కూర్చుందాం," అంది అంతే మెత్తగా. ఆవిడ మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు, ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం.

బావని పంపుదామని చూశాను. ఆయనకి బావంటే ఇష్టం కదా అని నచ్చజెప్పాను. బావ ఉలి పక్కన పెట్టి, "మరదలు పిల్లా, తలుపైతే ఎన్ని మైళ్ళైనా మోస్తా. ఇది నేను మోసేది కాదు," అన్నాడు. ఆ మనిషి వెటకారం లేకుండా మాట్లాడితే ఇంకేం అనలేం.

నేనే వెళ్ళాను. కండక్టరు గారు కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. బొమ్మ మంచం మీద పరిచాను. ఒక్క ముక్కలో చెప్పేశాను, నాకు తిప్పి చెప్పడం రాదు.

"మీ గది ఉండదు కండక్టరు గారూ. లిఫ్టు అందులోంచి వెళ్ళాలి."

ఆయన సూది గుండీలోనే ఉంచి, చొక్కా మడిచి పక్కన పెట్టాడు. జేబులోంచి కాగితం తీసి నా చేతికిచ్చాడు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

"చదువు."

చదివాను. పని పూర్తయ్యాక పద్నాలుగో నంబరు గది కండక్టరు గారిదే, ఇంకెవ్వరికీ ఇవ్వం. నా రాతే, నా గొంతే. ఇరవై ఏళ్ళలో ఎన్నో కూలగొట్టాను, ఎప్పుడూ ఇంత సిగ్గుపడలేదు. క్షమించమని అడగాలనిపించింది. అడిగితే ఆయన పెద్దమనిషి తరహాలో సరేలే అనేస్తాడని, అది ఇంకా అన్యాయమని నోరు మూసుకున్నాను.

"కొట్టేశారా?" అన్నాడు.

"లేదు. మీకు చెప్పకుండా కొట్టకూడదని వచ్చా. మీరు కాదంటే మళ్ళీ ఆలోచిస్తాం. ఎలాగో నాకు తెలియదు, కానీ ఆలోచిస్తాం."

"ఎవరికి లిఫ్టు?"

"టీచరమ్మకి. కర్రలాయనకి. తర్వాత వచ్చేవాళ్ళకి."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. హాస్టలు వరండాలో టీచరమ్మ రెండు మెట్లు ఎక్కడానికి కర్ర ఎటు పెట్టాలా అని లెక్క చూసుకుంటోంది. ఆ రెండు మెట్లూ ఎక్కేదాకా ఆయన అటే చూశాడు, నేనూ చూశాను.

"బస్సులో కొన్ని వేలమందిని లేపుంటా సీట్లోంచి," అన్నాడు. "బాబూ లేవండి, పెద్దావిడ నిలబడింది. అయ్యా లేవండి, చంటిబిడ్డ తల్లి. ఎవరికోసమో చెబితే లేస్తారమ్మా మనుషులు. గొణుక్కుంటూనే లేస్తారు. నన్ను మూడుసార్లు లేపారు. ఎవరికోసమో ఒక్కళ్ళూ చెప్పలేదు."

నేను మంచం మీది బొమ్మ మడుచుకున్నాను.

"ఆలోచించుకుంటా. నువ్వెళ్ళు. ఆ కాగితం నాకిచ్చి వెళ్ళు."

రెండు రోజులు సైటులో అందరికీ నరకం చూపించాను. మేస్త్రీని తిట్టాను, ఇసుక తెచ్చినవాణ్ణి తిట్టాను, మంచి ఇసుకే తెచ్చాడు పాపం. హాస్టలు గడువు ఇంకా అయిదు వారాలుంది. ఆయన కాదంటే లిఫ్టు లేదు, టీచరమ్మకి ఇచ్చిన మాట లేదు. ఔనంటే ఆయనకిచ్చిన మాట లేదు. ఎటు చూసినా నా సంతకమే కనిపిస్తోంది.

మూడోరోజు మధ్యాహ్నం కండక్టరు గారు ఒక్కడే నడుచుకుంటూ సైటుకొచ్చాడు. నాతో మాట్లాడకుండా మెట్లెక్కి, పదకొండో గదిలోకి వెళ్ళి, రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. రెండు గంటలు కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఎండ రాదు ఇందులో."

"పొద్దున వస్తుందండీ, ఏడింటికి."

"కిటికీలోంచి చూస్తే గోడౌను గోడ. అక్కడైతే రోడ్డు కనపడేది, బస్సులు కనపడేవి."

"నిజమే."

"కుళాయి కారుతోంది."

"అది రేపటికి ఉండదు."

"మెట్ల పక్కనే. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, వాళ్ళ చెప్పుల చప్పుడు."

"అదీ నిజమే కండక్టరు గారూ. ఇది దానికన్నా మంచి గది అని నేననను. ఇది ఉంది, అంతే."

ఆయన నావైపు మొదటిసారి కొంచెం నవ్వుతూ చూశాడు. "ఇదే మొదట్లో ఇలా మాట్లాడుంటే నెల రోజులు ఫుట్‌బోర్డు మీద వేలాడే పని తప్పేది కదా నీకు." అని లేచి, వసారాలో నడిచి, పద్నాలుగో గదిలోకి వెళ్ళాడు. ఖాళీ గది. మంచం ఉన్నచోట నేల రంగు వేరేగా ఉంది. కిటికీ దగ్గర నిలబడి ఒక బస్సు పోయేదాకా చూశాడు. మేస్త్రీ, కూలీలు సుత్తులు పట్టుకుని గుమ్మం బయట ఆగారు. ఆయన బయటికొచ్చి, గోడ మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

"రైట్ రైట్," అన్నాడు.

బస్సు కదిలించినంత మామూలుగా అన్నాడు. కూలీలు లోపలికెళ్ళారు. మొదటి దెబ్బ పడినప్పుడు ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు. నేను వసారా చివరికి వెళ్ళి, కొలతలు తీసుకుంటున్నట్టు టేపు లాగుతూ చాలాసేపు అక్కడే ఉన్నాను.

ఇక తలుపు సంగతి. పదకొండుకి ఆ తలుపే బిగించాలన్నాడు, ఎవరూ కాదనలేదు. కానీ కొత్త గుమ్మాలన్నీ చక్రాల కుర్చీ పట్టేలా మూడడుగులకి పెంచాం, పాత తలుపు రెండున్నర అడుగులు. అరడుగు సందు. గుమ్మం తగ్గించనన్నాను నేను, ఇంకో తలుపు వద్దన్నాడు ఆయన. బావ ఇద్దర్నీ పక్కకి తప్పుకోమని, తలుపుకి గడియవైపు అరడుగు కొత్త చెక్క అతికాడు. కండక్టరు గారు రెండో కొస పట్టుకున్నాడు, బావ చిత్రిక పట్టాడు. ఒకవైపు ముదురు గోధుమ, పక్కన తెల్లటి కొత్త చెక్క. రంగేసి కలిపేస్తానని బావ అంటే, "ఉండనీ. ఎంత పెంచామో తెలియాలి," అన్నాడాయన. పద్నాలుగు అంకెని మాత్రం తనే గీకి, పదకొండు అని రాసుకున్నాడు. ఒకటి పక్కన నాలుగు చెరిపి ఇంకో ఒకటి, పెద్ద పనేం కాదన్నాడు.

హాస్టలు గడువుకి రెండు రోజుల ముందు అందరూ తిరిగొచ్చారు. టీచరమ్మ మొదటి రోజే లిఫ్టులో పదకొండుసార్లు ఎక్కి దిగింది. లెక్కల మనిషి కాబట్టి లెక్క ఆవిడే చెప్పింది. ప్రతిసారీ మధ్య అంతస్తులో ఆగినప్పుడు కండక్టరు గారు వసారాలో నిలబడి, "దిగేవాళ్ళున్నారా?" అని అడిగేవాడు.

నెల తర్వాత రంగుల పనిలో మిగిలింది చూద్దామని వెళ్ళాను. పొద్దున ఎనిమిదైంది. కండక్టరు గారు మెట్లు దిగి వస్తున్నాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద సంచి. అంత సంచి చూసి గబగబా ఎదురెళ్ళాను. గది నచ్చక వెళ్ళిపోతున్నాడనుకున్నాను.

"ఎక్కడికండీ?"

"మా చెల్లెలి దగ్గరికి. ఏడు గంటల ప్రయాణం. ఇంకో అరగంటలో బస్సుంది."

"మీకు చెల్లెలుందా?"

"ఉండకేం. తొమ్మిదేళ్ళయింది దాన్ని చూసి. ఏటా రమ్మంటుంది, ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాణ్ణి. నాలాంటి అన్న ఉన్నా లేనట్టేనని తిట్టుకుంటూ ఉంటుంది. నిన్న ఫోన్‌లో వస్తున్నానంటే నమ్మలేదు, మూడుసార్లు అడిగింది."

"ఎన్నాళ్ళుంటారు?"

"పది రోజులో, నెలో. పంపిస్తే కదా అది."

మరి గదో, అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడగనిది కూడా ఆయనకి వినపడ్డట్టుంది.

"గదికేం, ఉంటుంది," అన్నాడు, సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ. "నేనొచ్చేదాకా ఆ కుళాయి మాత్రం ఒకసారి చూడు. మళ్ళీ కారుతోంది."

వీధి మలుపు దాకా చూశాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, బస్సు తప్పిపోతుందన్న తొందర తప్ప ఇంకే తొందరా లేదు ఆ నడకలో. నేను లోపలికి తిరిగి, ఏ పాపం ఎరగని పెయింటర్ని పట్టుకుని గట్టిగా నాలుగు మాటలు అన్నాను. అనకపోతే అక్కడే, మెట్ల మీదే, అందరి ముందూ ఏడ్చేదాన్ని.